చేపల పులుసు మంచిదే; చేదు మాత్రం మింగకండి

కృష్ణా డెల్టాలో వరిచేను, చేపల చెరువు పక్కపక్కనే ఉంటాయి. కొల్లేరు, కైకలూరు ప్రాంతాల నుంచి బొచ్చె, శీలావతి వస్తూనే ఉంటాయి కనుక బెజవాడ గృహిణికి చేపల పులుసు పండగ వంట కాదు, ఆదివారపు వంట. అన్నంతో చేపను కలిపి తినడం ఆరోగ్యరీత్యా చక్కని అలవాటు. తెల్లబియ్యంలో లైసిన్ అనే ఆమ్లం తక్కువ. చేప ఆ లోటును తీరుస్తుంది. నూరు గ్రాముల చేపలో సుమారు 16 నుంచి 19 గ్రాముల మాంసకృత్తులుంటాయి. పైగా సులువుగా అరుగుతుంది.

ఈ రుచి మనకొక్కరికే సొంతం కాదు. పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్ దేశంలో 'చెబు జెన్' అనే వంటకం ఉంది. ఆ మాటకు అర్థమే 'అన్నం-చేప'. చేపముక్కలు, టమాటా, ఉల్లి, వంకాయ, బెండకాయ, క్యాబేజీ ఉడికిన రసంలోనే నూకలు పోసి వండుతారు. చాలా ఇళ్లలో చింతపండు కూడా వేస్తారు! 2021లో యునెస్కో దీనిని మానవజాతి సాంస్కృతిక వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది. వారి నుంచి మనం నేర్చుకోదగినది ఒకటుంది: చేపతోపాటు కూరగాయలూ దండిగా వేయడం. మనమూ పులుసులో నాలుగు బెండకాయలో, వంకాయలో వేస్తే అన్నం కాస్త తగ్గించినా కడుపు నిండుతుంది. చక్కెర వ్యాధి ఉన్నవారికి ఇది మరీ మేలు.

ఇక అసలు సంగతికి వద్దాం. చేపను కోసేటప్పుడు కాలేయాన్ని అంటిపెట్టుకుని ఆకుపచ్చని చిన్న తిత్తి కనిపిస్తుంది. అదే చేదుకట్టు, అంటే పిత్తాశయం. దీనిని పచ్చిగా మింగితే చక్కెర వ్యాధి తగ్గుతుందనీ, చూపు మెరుగవుతుందనీ కొందరు నమ్ముతారు. ఇది ఎంతమాత్రం నిజం కాదు. అంతేకాదు, ప్రాణాంతకం కూడా. బొచ్చె, శీలావతి, గడ్డిచేప జాతుల పిత్తంలో మూత్రపిండాలనూ, కాలేయాన్నీ దెబ్బతీసే విషపదార్థం ఉంటుంది. ఉడికించినా అది నశించదు. మన దేశంలోనూ, చైనా, వియత్నాం వంటి దేశాలలోనూ ఇలా మింగి ఆసుపత్రి పాలైనవారి గురించి వైద్య పత్రికలలో ఎన్నో నివేదికలు వచ్చాయి.

మింగిన కొద్ది గంటలలో కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. అవి తగ్గగానే గండం గడిచిందనుకుంటారు. కాని రెండు మూడు రోజులలో మూత్రం తగ్గిపోయి, ముఖం, కాళ్లు వాస్తాయి. కళ్లు పచ్చబడవచ్చు. వాంతులు కట్టేదాకా ఆగకుండా వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. చేప చేదు మింగిన సంగతి డాక్టరుగారి దగ్గర దాచకూడదు. సకాలంలో డయాలిసిస్ చేస్తే చాలామందికి కొన్ని వారాలలో మూత్రపిండాలు తిరిగి కోలుకుంటాయి.

కనుక చేప శుభ్రం చేసేటప్పుడు ఆ తిత్తి చిట్లకుండా తీసి పారవేయండి. పొరపాటున చిట్లితే, చేదు అంటిన భాగాన్ని కోసి పారేసి, మిగతాది బాగా కడగండి.

మరికొన్ని జాగ్రత్తలు:

రక్తపోటు ఉన్నవారు పులుసులో ఉప్పు తగ్గించాలి. రోజు మొత్తానికి పెద్దవారికి 5 గ్రాములు, అంటే ఒక చెంచా ఉప్పు మించకూడదు. పులుసు పక్కన ఆవకాయ, ఎండుచేప కూడా పెట్టుకుంటే ఆ లెక్క సులువుగా దాటిపోతుంది.

కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచవద్దు. మట్టి దాక, స్టీలు గిన్నె మంచివి.

మర్నాటి పులుసుకు రుచి ఎక్కువే. కాని మన ఎండలకు రాత్రంతా బయట ఉంచవద్దు. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు బాగా మరిగించండి. కానాగంతల వంటి సముద్రపు చేపలు వంటకు ముందే మెత్తబడి వాసన వేస్తుంటే కొననే వద్దు. వాటిలో పుట్టే విషం మరిగించినా పోదు.

గొంతులో ముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్దలు మింగి తోయకండి. అది ఇంకా లోతుకు దిగవచ్చు. గొంతు డాక్టరుకు చూపించండి.

చక్కెర వ్యాధికి మందులున్నాయి, పథ్యం ఉంది. చేప చేదు వాటిలో ఒకటి కాదు. మీ ఇంట్లో పెద్దవారెవరికైనా ఈ నమ్మకం ఉంటే నెమ్మదిగా నచ్చజెప్పండి. చేపను పులుసులోనే తినండి.