మంచం పక్కన చెప్పే సువార్త



రోగులను పరామర్శించడానికి, వారికోసం ప్రార్థించడానికి సంఘస్థులు వార్డులకు రావడం మంచి అలవాటు. అది మానుకోమని మేము అనడం లేదు. అయితే మంచం పక్కన కూర్చుని ఏమి చెబుతున్నామో మనమందరం ఒకసారి ఆలోచించాలి.

"ప్రభువును ఒప్పుకుంటేనే ఈ జబ్బు తగ్గుతుంది" అని కొందరు అంటారు. "విశ్వాసముంటే ఇంక మాత్రలెందుకు?" అని మరికొందరు అడుగుతారు. ఈ రెండూ సువార్త కాదు, సువార్తకు మనం తగిలించిన షరతులు.

లూకా సువార్త 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు శుద్ధులయ్యారు. తిరిగివచ్చి కృతజ్ఞత చెప్పినవాడు ఒక్కడే. మిగిలిన తొమ్మిదిమంది ఏరని ప్రభువు అడిగాడే గాని, వారి స్వస్థతను వెనక్కి తీసుకున్నాడని అక్కడ లేదు. పైగా యాజకులకు కనబరచుకొమ్మని ఆయనే వారిని పంపాడు. శుద్ధుడైనదీ లేనిదీ చూసి చెప్పడం ధర్మశాస్త్రం ప్రకారం యాజకుని పని. కాబట్టి బాగైందో లేదో పరీక్ష చేయించుకోవడం అవిశ్వాసం కాదు.

మన ప్రాంతపు సంఘచరిత్రలోనూ ఇందుకు ఒక సాక్ష్యం ఉంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి, కూడు చూపించారు. బాప్తిస్మమిమ్మని జనం అడిగినా ఏడాదికి పైగా ఇవ్వలేదు. గంజికోసం ఎవరూ ప్రభువు పేరు చెప్పకూడదని ఆయన పట్టుదల. సహాయం ముగిసి, ఇక దొరికేదేమీ లేదని తెలిసిన తర్వాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

జబ్బు కూడా కరువులాంటిదే. నొప్పితో, అప్పుల భయంతో ఉన్న మనిషి ఎదుటివారు ఏమడిగినా సరేనంటాడు. ఆ 'సరే'ను విశ్వాసంగా లెక్కకట్టడం ప్రభువుకు మహిమ కాదు. అందుచేత మా మనవి ఇది. ముందు రోగిని అడగండి: "ప్రార్థన చేయమంటారా?" వద్దంటే, నవ్వుతూ మంచినీళ్ళు అందించి రండి. ప్రభువును గూర్చి అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నిర్ణయం మాత్రం ఇంటికి వెళ్ళి, ఆరోగ్యం కుదుటపడ్డాక, తీరికగా తీసుకోనివ్వండి.

మందుల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. క్షయకు సాధారణంగా ఆరు నెలలు మందులు వాడాలి. కొన్ని వారాలకే దగ్గు తగ్గి, ఆకలి పుడుతుంది. అప్పుడు "స్వస్థత వచ్చింది, ఆపెయ్" అనే ఒక్క మాటతో మిగిలిపోయిన క్రిములు మందులకు లొంగనివిగా మారవచ్చు. ఆ జబ్బు ఇంట్లో పిల్లలకూ అంటుకోవచ్చు. ఇన్సులిన్ మీద బ్రతికేవారు దాన్ని ఆపితే కొద్దిరోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. స్వస్థత కలిగిందని నమ్మినవారు మాత్రలు ఆపకముందే డాక్టరుగారికి చూపించుకోవాలి.

ఈ మంచాల మీద పడుకునే అన్ని మతాలవారికీ వైద్యం ఒక్కటే, ఆదరణ ఒక్కటే. ఆ తొమ్మిదిమందిలా తిరిగిచూడకుండా వెళ్ళిపోయినవారు బాగుపడినా మనకు సంతోషమే. ఆ ఒక్కనిలా ఎవరైనా తిరిగివస్తే, ఎవరి బలవంతమూ లేకుండా తనంతట తానే రావాలి.

అట్టి ఓర్పును ప్రభువు మనకు దయచేయును గాక.