ఆ బుస్సు అలాగే ఉండనీ!

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో నాన్న జనం మధ్య కూర్చుని పట్టుకొచ్చిన పద్యనాటకం క్యాసెట్‌ ఆదోనిలో మా అటక మీద దొరికింది. సి-90 రకం. సి-60 కన్నా టేపు పల్చన, ఇట్టే సాగిపోతుంది. మీకూ దొరికితే గబుక్కున ప్లే నొక్కకండి. బూజు తుడిచి, ఊడిన ఫెల్టుముక్క మార్చి, హెడ్‌ కోణం సరిచేసి కంప్యూటర్లోకి ఎక్కించాను. సాఫ్ట్‌వేర్‌తో బుస్సు తీసేస్తే హరిశ్చంద్రుడి పద్యం ఖంగుమంది. ఈలలు, ‘వన్స్‌మోర్‌’లు మాత్రం మసకబారాయి. మైకు పక్కనే నాన్న మెల్లగా అన్న ‘ఆహా’ పూర్తిగా పోయింది!

పాత రాక్‌ కచేరీల టేపులు సేకరించే విదేశీయులు మొదటి కాపీని ముట్టుకోరట. నేనూ ముట్టుకోలేదు, అదృష్టం. ఇప్పుడు రెండూ ఉన్నాయి. వినేది బుస్సున్నదే.