మొదటి ప్రశ్న ఎవరిది?

సర్వేకు పోయేవాళ్లకు ఒక చిన్న పుస్తకం ఇస్తారు. ఇంటికి పోగానే నమస్కారం పెట్టాలి, గుర్తింపు కార్డు చూపించాలి, ఎందుకు వచ్చామో చెప్పాలి, చెప్పిన వివరాలు బయటికి పోవని భరోసా ఇవ్వాలి, మనిషి మనసు కుదుటపడ్డాకే ప్రశ్నలు మొదలుపెట్టాలి. ఇట్లా ఉంటుంది అందులో. మాటలు మంచివే. కానీ వాటిని రాసినవాళ్లు మా ఊళ్లో ఏ గల్మ ముందూ నిలబడలేదని చదవగానే తెలిసిపోతుంది. ఎందుకంటే మా దగ్గర ఇంటి ముందు మొదటి ప్రశ్న సర్వేవాళ్లది కాదు. ఆ ఇంటిది. "మీరేమోళ్లు?" ఆ ప్రశ్నకు జవాబు దొరికితేగానీ రెండో ప్రశ్న పుట్టదు.

నేను మాదిగ ఇంట్ల పుట్టిన. మా అవ్వ నాట్లకు, కలుపుకు పోయేది. మా నాయన ఊరికి సుంకరి. మా ఇంట్ల డిగ్రీ కాయితం చేతబట్టిన మొదటి మనిషిని నేను. ఇప్పుడు సర్కారు ప్రైమరీ బడిలో పాఠాలు చెప్తున్న. 2024 నవంబరు 6న తెలంగాణలో సామాజిక, ఆర్థిక, విద్య, ఉపాధి, రాజకీయ, కుల సర్వే మొదలైనప్పుడు మా బోటి ఎస్జీటీలను ఇంటింటికీ తోలారు. పొద్దున బడి, మధ్యాహ్నం సంది సర్వే. 56 ప్రశ్నలు, లోపలి ప్రశ్నలు కలుపుకుంటే 75 గడులు.

ఊళ్లో ఒక పెద్దింటికి పోయిన. నమస్కారం పెట్టిన, కార్డు చూపిన, వచ్చిన పని చెప్పిన. ఇంటాయన కుర్చీ దిక్కు చెయ్యి చూపించబోయి ఆగిండు. "ఏ ఊరు టీచరమ్మా మీది?" చెప్పిన. "ఇంటిపేరేంది?" చెప్పిన. "మీ నాయన ఏం చేస్తడు?" ఊరికి సుంకరి అని చెప్పిన. ఇంక కుర్చీ మాట లేదు. "ఆడనే నిలబడి రాసుకో" అన్నడు. మూడు ప్రశ్నల్లో 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. నా ఫారం ఇంకా విప్పనేలేదు, ఆయన ఫారం నిండిపోయింది. 75 గడులు నింపేదాకా ఎండలో నిలబడి రాసిన. అదే వీధిలో ఇంకో వరస ఇళ్లు నాతోపాటు పనిచేసే ఒక సారుకు పడ్డాయి. ఆయనకు అరుగు మీద కుర్చీ, చాయ, పోయేటప్పుడు నాలుగు జామపండ్లు. ఇద్దరి చేతిలో ఒకే ఫారం, ఇద్దరి మెడలో ఒకే కార్డు. మరి మనిషి మనసు కుదుటపరచడం నేర్పుతో వచ్చేదంటారా? నమస్కారంలో నేనేం తక్కువ చేశాను?

శిక్షణలో ఈ ముక్క అడిగితే "అవన్నీ పాతకాలం మాటలమ్మా, నవ్వుతూ మాట్లాడితే అందరూ చెప్తరు" అన్నారు. నవ్వితే అంటు పోతుందని రాజ్యాంగం రాసినవాళ్లకు తెలియకపోయె! తెలిస్తే 17వ అధికరణం దేనికి, 1989 చట్టం దేనికి? తలా ఒక నవ్వు పంచిపెడితే సరిపోయేది.

ఇప్పుడు ఇదే సర్వే మా వాడకు ఎట్లా వస్తుందో చూడండి. మా నాయన సుంకరి అన్నాను గదా. 2001లో జనాభా లెక్కలప్పుడు ఊరంతా డప్పు కొట్టి "లెక్కలోళ్లు వస్తున్నరు, ఇండ్లకాడ ఉండాలహో" అని చాటింది ఆయనే. లెక్కల కబురు ఊరికి మోసింది మాదిగ డప్పు. లెక్క రాసే మనిషి అన్ని వీధులూ తిరిగి ఆఖరికి మా వాడ దగ్గరకు వచ్చి, వాడ మొదట్లో చింతచెట్టు కింద ఆగిండు. మా మనుషుల్నే అక్కడికి పిలిపించిండు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే. ఒక్క రోజులో రాష్ట్రమంతా లెక్క. బతుకపోయిన వాళ్లు బస్సులు పట్టుకొని ఇంటికి వచ్చి, ఒకరోజు కూలీ పోగొట్టుకొని గడపల్లో కూర్చున్నారు. ఆ రోజూ అదే చింతచెట్టు. రేషన్ కార్డులు ముందట వేసుకొని "ఏయ్ ఎల్లీ, నీ మొగడేడే?" అని కేకలు. డెబ్బై ఏండ్ల ముసలమ్మను, నా కంటే చిన్నపిల్లగాడు. ఇంటింటి సర్వే అని పేరు. మా ఇంటి గడప ఎవరు చూశారు? మా ఇంటికి తలుపుందా, రేకులా పెంకులా, నీళ్లు ఎంత దూరం అన్న గడులు చెట్టు కిందనే నిండిపోయాయి.

గడప దాటకపోవడానికి కారణం టైం లేకపోవడం కాదు. గడప దాటితే మంచం వాలుస్తారు, చెంబుతో నీళ్లిస్తారు. తాగాలి, లేదా వద్దనాలి. ఆ ఇరకాటం తప్పించుకోవడానికే చింతచెట్టు.

చట్టంలో ఏముందో కూడా చెప్పుకుందాం. జనగణన చట్టం 1948లో వచ్చింది. లెక్కకు వచ్చిన ఉద్యోగిని ఇంట్లోకి రానివ్వాలని 9వ సెక్షన్ చెప్తుంది. ఎంతమేరకు? దేశాచారాన్ని బట్టి సబబైనంత మేరకు. ఈ మాట చదివి నేను చాలాసేపు ఆగిపోయిన. ఎవరి ఆచారం? నన్ను ఎండలో నిలబెట్టిందీ ఆచారమే, మా వాడను చింతచెట్టు కిందికి పిలిచిందీ ఆచారమే. అదే చట్టం ఇంకో మాట కూడా చెప్తుంది. ఆచారం ఒప్పుకోకపోతే భార్య తన భర్త పేరు చెప్పనక్కర లేదు. ఇంటి ఆడవాళ్ల పేర్లు చెప్పమని ఎవరినీ బలవంతపెట్టరాదు. భర్త పేరు ఎత్తని సిగ్గును చట్టం అంత పదిలంగా కాపాడింది. మరి వీధి నడిమిట్ల పదిమంది వినంగ "ఏం కులమే మీది?" అని అరిస్తే తలొంచుకునే మనిషి సిగ్గును కాపాడే మాట ఒక్కటి రాయాలని ఎవరికీ తోచలేదు.

లెక్కకూ అంటరానితనానికీ చుట్టరికం పాతదే. 1911 జనాభా లెక్కల్లో తెల్లదొరలు పది గుర్తులు పెట్టి కులాలను విడదీశారు. గుడి లోపలికి రానివ్వనిది ఎవరిని, ఎవరు తాకితే మైల, ఆవుమాంసం తినేదెవరు, మంచి బాపనయ్య ఎవరికి పూజ చెయ్యడు అని. 1932లో లోథియన్ కమిటీ ఓటు హక్కు సంగతి తేల్చడానికి వచ్చినప్పుడు, అంటరానివాళ్లు ఎంతమంది అన్నదే పెద్ద కొట్లాట అయింది. సీట్లు పంచుకోవలసి వస్తుందనగానే మా దగ్గర అంటరానివాళ్లు పెద్దగా లేరు పొమ్మన్నారు కొన్ని రాష్ట్రాల సవర్ణులు. అంబేద్కర్ అందులో సభ్యుడిగా విడిగా తన అభిప్రాయం రాయవలసి వచ్చింది. వెలివేసేటప్పుడు ఊరి చివర కోట్లమందిమి. లెక్కేసేటప్పుడు కనపడం.

అందుకే మా పెద్దలు లెక్కను ఊరికే వదిలిపెట్టలేదు. భాగ్యరెడ్డివర్మ 1917లో బెజవాడ సభలో 'పంచములం కాము, ఆది ఆంధ్రులం' అనిపించారు. నిజాం రాజ్యంలో 1931 జనాభా లెక్కల్లో 'ఆది హిందువు' అని రాయించేదాకా వదల్లేదు. మన పేరు మనం చెప్పుకోవడం, చెప్పింది చెప్పినట్లు రాయించుకోవడం వాళ్లకు ఉద్యమం. ఇవాళ సర్వేకు పోయేవాళ్లు చాలామంది ఆ పేరు అడగనే అడగరు. వాడ చూసి 'ఎస్సీ' అని రాసి పడేస్తారు. తెలంగాణ ఎస్సీల జాబితాలో 59 కులాలున్నాయి. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఉపవర్గీకరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఆ 59 కులాలు మూడు గ్రూపులై, 15 శాతం కాస్తా 1, 9, 5గా పంచబడింది. ఇప్పుడు ఒక డక్కలి పిల్లగాడికో, చిందు పిల్లకో సీటు వచ్చేదీ రానిదీ గడప ముందు రాసుకునే ఆ ఒక్క మాటతో ముడిపడి ఉంది. అడగకుండా రాయడం బద్ధకం కాదు, దొంగతనం.

మా వాడ కడిగిన ముత్యమని కూడా నేను చెప్పను. డక్కలోళ్లను మా మాదిగలే వాడ బయట ఉంచిన చరిత్ర ఉంది. గుడారం వేసుకున్న డక్కలి కుటుంబానికి తలుపు ఏది, ఇంటి నంబరు ఏది, స్టిక్కర్ ఎక్కడ అతికిస్తారు? వాళ్ల ముందు సర్వే మొదలుపెట్టే పద్ధతి మాదిగ టీచరు కూడా నేర్చుకోవలసిందే.

మతం గడి సంగతి ఇంకొకటి. 1950 ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రీస్తును నమ్మిన మాలమాదిగలు మాత్రం మన దగ్గర బీసీ-సీ అయ్యారు. గోడ మీద శిలువ, పెట్టెలో హిందూ అని రాసిన సర్టిఫికెట్. ఆ ఇంటి ముందు నిలబడి గట్టిగా "ఏ మతం?" అని అడిగితే ఆ తల్లి ముందు భర్త మొహం చూస్తుంది, తర్వాత చదువుకునే పిల్ల మొహం చూస్తుంది. ఆ చూపులకు అర్థం తెలియనివాళ్లు "వీళ్లు అబద్ధాలు చెప్తరు" అని టీ దుకాణంలో నవ్వుకుంటారు. ఆమెతో అబద్ధం చెప్పిస్తున్నది ఎవరు? అన్నం ఒక చేత్తో, దేవుణ్ణి ఒక చేత్తో పట్టుకో, రెండూ కావాలంటే కుదరదు అన్న ఉత్తర్వు కాదా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ మాటలు సర్కారుకే కాదు, మీకు కూడా. ప్రాజెక్టు పేరు మీద, నిజనిర్ధారణ పేరు మీద, ఫారాలు పట్టుకొని మా వాడలకు మీరూ వస్తున్నారు. "మీలాంటివాళ్ల బాగు కోసమే" అని మొదలుపెడతారు. ఆ మాట దగ్గరే మా మనసు తలుపు మూసుకుంటుంది. ముందు కాళ్లు ఎక్కడ పెట్టాలో నేర్చుకోండి. వాడ మొదట్లో ఆగి పిలిపించొద్దు. ఇంటింటికీ రండి. కూలీకి పోయే వాడకు మధ్యాహ్నం రావద్దు, దీపాల వేళకు రండి. వయసుకు తగ్గట్టు అక్కా, పెద్దవ్వా, తాతా అనండి, లేదా 'మీరు' అనండి. పూర్తి పేరు అడగండి. ఎల్లమ్మ 'ఎల్లి' కాదు. వాళ్లు కింద కూర్చుంటే మీరూ కింద కూర్చోండి. నీళ్లిస్తే తాగండి. ఎవరు పంపారు, ఈ కాయితం ఎక్కడికి పోతుంది, దీనివల్ల ఏమొస్తుంది, ఏం రాదు, నిజం చెప్పండి. ఇల్లిస్తారు, పింఛనిస్తారు అని ఆశపెట్టొద్దు. ఇష్టం లేని ప్రశ్న వదిలెయ్యొచ్చంటే ఆ మాట మొదలే చెప్పండి. 'ఇంటి పెద్ద ఎవరు' అని అడిగి మొగాయన కోసం చూడొద్దు, ఎదురుగా నిలబడి ఇల్లు నడిపేది ఆమె కావచ్చు. కులం, మతం వీధిలో అడగొద్దు, ఊహించి రాయొద్దు. వాళ్ల నోటి నుంచి వచ్చిన పేరే రాసి, రాసింది వాళ్లకు చదివి వినిపించండి. ఇంత చేయడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు లేనివాళ్లు రావద్దు.

"కులం అడగడమే కులతత్వం" అని మాకు నీతి చెప్పే పెద్దమనుషులున్నారు. అయ్యా, ఇల్లు కిరాయికి ఇచ్చేటప్పుడు అడుగుతారు, పెండ్లికి అడుగుతారు, బస్సులో పక్కన కూర్చుంటే ఇంటిపేరు మీదుగా అడుగుతారు. వేల ఏండ్ల సంది నోటితో అడుగుతున్న ప్రశ్నను ఒక్కసారి కాయితం మీద అడిగితే మీకు కులతత్వం కనిపించిందా? మమ్మల్ని అడగండి, మీరూ జవాబు చెప్పండి. 2025 ఫిబ్రవరిలో లెక్కలు బయటపెట్టినప్పుడు 3.1 శాతం ఇళ్లు సర్వేకు దొరకలేదని సర్కారే చెప్పింది. నాకు పడ్డ ఇళ్లలోనైతే వద్దు పొమ్మని గేటు వేసినవి రెండు. రెండూ పెద్ద మేడలే. మా వాడలో ఒక్క తలుపూ మూసుకోలేదు. అడిగేవాళ్లే గడప తొక్కింది లేదు.

2025 ఏప్రిల్ 30న కేంద్ర మంత్రివర్గ రాజకీయ వ్యవహారాల కమిటీ జనగణనలో కులం కూడా లెక్కించాలని తీర్మానించింది. జూన్‌లో 2027 మార్చి 1ని గణన తేదీగా నోటిఫై చేశారు. 1931 తర్వాత దేశమంతటా జనగణనలో అన్ని కులాల లెక్క రాయబోయేది ఇప్పుడే. ఈసారి కాయితం బదులు ఫోన్. ఫోన్ చేతిలో ఉంటే తల ఎత్తకుండానే గడులు నొక్కేయొచ్చు, చింతచెట్టు దాకా కూడా రానక్కర లేదు. అందుకే ముందుగా అడుగుతున్నాం. శిక్షణలో మొదటి గంట గడప సంగతికి ఇవ్వండి. వాడకు పోకుండా వాడ లెక్క రాసినవాళ్ల మీద చర్య తీసుకోండి. దళిత ఉద్యోగిని బయట నిలబెట్టిన ఇంటి మీద ఫిర్యాదు చేస్తే, "సర్దుకుపొమ్మా" అనకుండా 1989 చట్టం కింద ఏ సెక్షన్ పడుతుందో చూడండి. ఆ పుస్తకం మొదటి పేజీలో నమస్కారానికి ముందు ఒక వాక్యం రాయండి: సర్వేకు వచ్చినవాళ్ల కులం అడిగే హక్కు ఏ ఇంటికీ లేదు. అది రాసినంక మిగతా ఐదు మాటలు మా పిల్లలకు నేనే నేర్పుతాను.