వాణిశ్రీ అంటే కొప్పూ చీరలేనా?



నటి వాణిశ్రీకి ఉన్నది సింగారమే తప్ప నటన కాదని మీ పత్రిక వ్యాసకర్త తేల్చేయడం చదివి మనసు కష్టమైంది. ఆ ఎత్తు కొప్పులు, ఆ చీరకట్టు మా మిర్యాలగూడ ఆడవాళ్లనూ ఊపేసిన మాట నిజమే. అంతమాత్రాన ఆమె నటనను కొట్టిపారేస్తారా?

‘ప్రేమనగర్’ (1971)లో లత పాత్ర ఆత్మాభిమానాన్ని చీరలు మోయలేదు, ఆమె చూపు మోసింది. ఇక ‘జీవనజ్యోతి’ (1975). దర్శకుడు విశ్వనాథ్ గారు ఆమె చేత అమాయకపు పల్లెటూరి పిల్లగా గలగలా మాట్లాడించి, అదే మనిషిని దుఃఖంతో మతి చెదిరిన స్త్రీగా చూపించారు. ఆ నవ్వుకూ ఈ పిచ్చిచూపుకూ మధ్య దూరాన్ని ఆమె ఎక్కడా అతి చేయకుండా దాటింది. పైగా అదే సినిమాలో కూతురి వేషమూ ఆమెదే! హీరో శోభన్‌బాబు పక్కన అందంగా నిలబడితే చాలనుకునే నటి ఇంత బరువు నెత్తికెత్తుకోదు. ‘జీవన తరంగాలు’, ‘కృష్ణవేణి’, ‘జీవనజ్యోతి’లకు వరుసగా మూడేళ్లు ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటి పురస్కారం ఆమెనే వరించింది.

దర్శకుడు బాపు తీసిన ‘గోరంత దీపం’ (1978)లో ఆమె ఆడంబరమేదీ లేని ఇల్లాలు. అక్కడ దాచుకోవడానికి నగా లేదు, కొప్పూ లేదు. ఆమెను నటి సావిత్రితో పోల్చి తక్కువ చేయడం కూడా అన్యాయం. సావిత్రి సావిత్రే, కానీ తర్వాత వచ్చినవాళ్లంతా బొమ్మలు కారు.

వ్యాసకర్తను ‘జీవనజ్యోతి’ మరోసారి చూసి, అప్పటికీ అదే మాట మీద ఉంటే కారణాలతో రాయమనండి.

– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ