నెలవంక లెక్క, పంట లెక్క

అరకులోయలో ఆదివాసీ సోదరుల ఇటుకల పండుగ ఏటా చైత్రమాసంలో, విత్తనాలు చల్లే కాలానికి ముందు వస్తుంది. అదే లోయలో నివసించే ముస్లిం కుటుంబానికి రంజాన్ మాత్రం ఒకే ఋతువులో నిలవదు. 2015లో అది జూన్, జూలై నెలల వర్షాలలో వచ్చింది. 2030లో జనవరి ఆరంభంలో ఒకసారి, డిసెంబరు చివర మరొకసారి, కొండల చలిలో మొదలవుతుంది. చైత్రమూ చంద్రుని మాసమే, రంజానూ చంద్రుని మాసమే. మరి ఈ భేదం ఎక్కడిది?

చంద్రుడు భూమిని సుమారు 27 రోజుల 8 గంటలలో చుట్టివస్తాడు. ఆలోగా భూమి కూడా సూర్యుని చుట్టూ కొంత దూరం సాగిపోతుంది. అందువల్ల ఒక అమావాస్య నుండి మరొక అమావాస్యకు సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు పడుతుంది. మన నెల ఒకసారి 29, ఒకసారి 30 రోజులు కావడానికి కారణం ఇదే. ఇటువంటి 12 నెలలకు 354 రోజులు. ఋతువులను తెచ్చేది చంద్రుడు కాదు. వాలిన అక్షంతో భూమి సూర్యుని చుట్టూ తిరగడం. దానికి 365 రోజుల ఆరు గంటలు కావాలి. తేడా సుమారు 11 రోజులు.

పంచాంగం ఈ తేడాను అధికమాసంతో పూడుస్తుంది. 19 ఏళ్లలో ఏడు అధికమాసాలు వస్తాయి. 2023లో అధిక శ్రావణం వచ్చింది. అందుకే చైత్రం వేసవిని విడిచిపోదు. సేద్యంతో ముడిపడిన పండుగకు అది తగిన లెక్క.

ఇస్లాం చంద్రుని లెక్కను చంద్రునికే వదిలింది. అజ్ఞానకాలపు అరబ్బులు తమ సౌకర్యం కోసం నిషిద్ధ మాసాలను వెనక్కి జరిపేవారు. దివ్య ఖుర్ఆన్ (తౌబా సూరా, 37) దానిని ఖండించింది. సంవత్సరానికి మాసాలు పన్నెండేనని మహాప్రవక్త (స) అంతిమ హజ్ ప్రసంగంలో స్పష్టం చేశారు. ఇందులోని న్యాయాన్ని గమనించండి. అరకులో పగలు జూన్‌లో 13 గంటలు దాటుతుంది, డిసెంబరులో 11 గంటలే. ఉత్తర దేశాలలో ఈ అంతరం ఇంకా ఎక్కువ. రంజాన్ ఒకే ఋతువులో నిలిచివుంటే కొందరికి ఎల్లప్పుడూ దీర్ఘమైన ఉపవాసాలు, మరికొందరికి ఎల్లప్పుడూ సులువైనవి దక్కేవి. సుమారు 33 ఏళ్లలో అది అందరినీ అన్ని ఋతువులలోనూ పలకరించి వస్తుంది.

కొత్త నెలవంక సూర్యాస్తమయం తర్వాత కొద్దిసేపటికే అస్తమిస్తుంది. కొండలు చుట్టుముట్టిన లోయలో అది కనబడకపోవచ్చు. అప్పుడు మైదానం నుండి నమ్మదగిన సాక్ష్యం రావాలి; ఎక్కడా కనబడకపోతే 30 రోజులు పూర్తిచేయాలి.

ఇక మన ఇళ్లలో శ్రద్ధ తగ్గుతున్న విషయానికి వద్దాము. వ్యాపారులు అనేకులు మార్చి 31న ఖాతాలు ముగించి, ఆ లెక్కతోనే జకాత్ తీస్తున్నారు. కానీ సొమ్ముపై జకాత్‌కు గడవవలసింది చాంద్ర సంవత్సరం. 33 సౌర సంవత్సరాలలో 34 చాంద్ర సంవత్సరాలు గడిచిపోతాయి. అంటే ఒక పూర్తి సంవత్సరపు జకాత్, పేదల హక్కు, మన పెట్టెలోనే మిగిలిపోతుంది. మార్చి లెక్క తప్పనివారు నూటికి రెండున్నర బదులు సుమారు 2.58 ఇవ్వాలని ఈ కాలపు పండితులు కొందరు సూచించారు. లక్ష రూపాయలకు పెరిగేది 80 రూపాయలలోపే. అంతకంటే సులువైన దారి, ఒక హిజ్రీ తేదీని ఎంచుకుని ఖాతా పుస్తకం మొదటి పుటలో వ్రాసుకోవడం.

పంట విషయం వేరు. దాని హక్కును కోతనాడే చెల్లించమని ఖుర్ఆన్ (అన్ఆమ్ సూరా, 141) ఆదేశించింది. వర్షంతో పండినదానిలో పదోవంతు, శ్రమపడి నీరు పెట్టినదానిలో ఇరవయ్యోవంతు. ఈ కొండలలో కాఫీ పండ్లు శీతాకాలంలో కోతకు వస్తాయి. ఆ సమయానికి ఏ హిజ్రీ నెల నడుస్తున్నా పంట ఆగదు. కనుక షరీఅత్ సూర్యుణ్ణి మరువలేదు. నమాజు వేళలు సూర్యునితో, ఉపవాసమూ హజ్జూ చంద్రునితో, పంట హక్కు ఋతువుతో ముడిపడివున్నాయి. ఏ లెక్క ఎక్కడిదో తెలిసి నడుచుకునే వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.