ఊరికొక పిట్టల పద్దు

పల్లెల్లో లెక్క లేనిదంటూ ఉండదు. ఎవరి చేను ఎన్ని సెంట్లో అడంగల్ చెబుతుంది. ఎనుములు, ఎద్దులు, గొర్రెలు ఎన్ని ఉన్నాయో పశుగణనలో తేలుతుంది. ఏ నెలలో ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో మండల కార్యాలయంలో రాసిపెడతారు. చెరువు గట్టు మీది చింతచెట్లు సైతం వేలం పాటలో లెక్కకు వస్తాయి. పిట్టల లెక్క మాత్రం ఏ ఊరి పుస్తకంలోనూ కనిపించదు. పిట్టలను లెక్కపెట్టి ఎవరు బాగుపడ్డారని నవ్వేవారు ఉండవచ్చు. కాని ఆ లెక్క లేకపోవడం వల్ల ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. అనంతపురం జిల్లాయే అందుకు నిదర్శనం.

కలివికోడి పేరు చాలామంది వినే ఉంటారు. ముళ్లపొదల మధ్య ఉన్న ఖాళీ నేలల్లో రాత్రిపూట తిరిగే పిట్ట అది. కాళ్లు పొడవు, రొమ్ము మీద రెండు గోధుమ రంగు పట్టీలు ఉంటాయి. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ 1848లో దాన్ని మొదట లోకానికి తెలియజేశాడు. 1900లో హోవర్డ్ క్యాంప్‌బెల్ అనే ఆయన అనంతపురం ప్రాంతంలో దాన్ని చూసినట్లు నమోదు చేశాడు. ఆ తరువాత 86 ఏళ్లపాటు ఆ పిట్టను గురించి ఖాయంగా ఒక్క ముక్క రాసినవారు లేరు. శాస్త్రజ్ఞులు అది అంతరించిపోయిందనే అనుకున్నారు.

సరిగ్గా ఆ 1900 సంవత్సరంలోనే అమెరికాలో మరొక పని మొదలైంది. అక్కడ క్రిస్మస్ నాడు తుపాకులు తీసుకుని వెళ్లి, ఎక్కువ పిట్టలను కొట్టినవారు గెలిచినట్లు పందెం కట్టే అలవాటు ఉండేది. ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు, కొట్టడం మాని లెక్కపెట్టండని చెప్పాడు. ఆ ఏడు 27 మంది 25 చోట్ల లెక్కపెడితే 90 రకాల దాకా తేలాయి. ఆ లెక్క నేటికీ ఏటా సాగుతూనే ఉంది. ఏ పిట్ట ఎప్పటినుండి తగ్గిందో, ఏది పెరిగిందో వారు పుస్తకం తీసి చూపగలరు. మన దగ్గర కలివికోడి ఏ ఊరి పొదలలో ఏ ఏడు దాకా ఉన్నదో చెప్పడానికి కాగితం ముక్క లేదు.

కలివికోడి మళ్లీ దొరికింది 1986 జనవరిలో, కడప జిల్లా లంకమల అడవి అంచున రెడ్డిపల్లి దగ్గర. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ ఆ వెతుకులాట సాగించారు. కాని పిట్టను పట్టి చూపింది ఒక స్థానిక వేటగాడు. అంటే అది పల్లెవారికి తెలియని పిట్ట కాదు. దానికి తెలుగులో పేరున్నది, దాన్ని చూసినవారు ఉన్నారు. వారు చూసినది రాసేవారే లేరు. దొరికినట్లు రాతలోకి ఎక్కాక జరిగినది చూడండి. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తరువాత తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పిట్ట ఉండే నేల మీదుగా వచ్చినప్పుడు కాలువ దారినే మార్చవలసి వచ్చింది. పద్దులో ఉన్న పిట్ట కోసం కాలువ పక్కకు తప్పుకుంది. పద్దులో లేని పిట్ట కోసం ఎవరూ తప్పుకోరు.

రాబందుల సంగతి ఇంకా స్పష్టం. పశువు చచ్చి మిట్టమీద పడితే రాబందులు గుంపుగా వాలి గంటల్లో ఎముకలు మిగిల్చేవని పెద్దలు చెబుతారు. అవి ఏ ఏడాది నుండి రావడం మానేశాయని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చెబుతారు. దేశంలో చాలాచోట్ల ఇదే పరిస్థితి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షి కేంద్రంలో మాత్రం గూళ్లు లెక్కపెట్టి ఉంచారు. అక్కడ 1987-88లో తెల్లవీపు రాబందుల గూళ్లు 353. 1990ల చివరికి అవి ముప్పైకి లోపు పడిపోయాయి. ఆ అంకెలు చూసిన తరువాతనే శాస్త్రజ్ఞులు ఉలిక్కిపడి కారణం కోసం వెతికారు. పశువుల నొప్పులకు, జ్వరాలకు ఇచ్చే డైక్లోఫెనాక్ మందే కారణమని 2004లో బయటపడింది. ఆ మందు ఇచ్చిన పశువు చచ్చిపోతే, దాని మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోతాయి. 2006లో పశువైద్యానికి ఆ మందు తయారు చేయడాన్ని ప్రభుత్వం నిషేధించింది. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ మందులను కూడా పశువులకు వాడరాదన్నది. మెలోక్సికామ్ వల్ల రాబందులకు హాని లేదని పరీక్షల్లో తేలింది కాబట్టి, రైతులు పశువైద్యుని ఆ మందే అడగడం మంచిది. ఒక చోట గూళ్లు లెక్కపెట్టినవారు ఉన్నందువల్ల దేశమంతటికీ ఈ మేలు జరిగింది. అయితే లెక్క ఒక్కచోటే ఉన్నందువల్ల, మేలు జరిగేలోపు కోట్ల రాబందులు పోయాయి.

ఇప్పుడు పాలపిట్ట వంతు వచ్చినట్లున్నది. దసరా నాడు చూస్తే శుభమని ఊరి బయటకు వెళ్లి మరీ వెతికే పిట్ట అది. దేశంలో పక్షుల స్థితిగతులపై 2023లో వెలువడిన నివేదిక, దీర్ఘకాలపు లెక్కలు దొరికిన 338 జాతుల్లో నూటికి అరవై తగ్గుముఖం పట్టాయని చెప్పింది. బాగా తగ్గినవాటిలో పాలపిట్ట ఒకటి. ఆ నివేదికకు ఆధారం ఎక్కడివారు అక్కడ చూసి రాసిన లెక్కలే. ముప్పై వేల మందికి పైగా సామాన్యులు అందులో పాలుపంచుకున్నారు. పట్టణాల చుట్టుపక్కల చూసి రాసేవారు ఎక్కువ. రాయదుర్గం వంటి కరువు సీమల నుండి రాసేవారు తక్కువ. మన బీళ్లలో ఏముందో మనం చెప్పకపోతే చెప్పేవారు వేరే ఊరినుండి రారు.

రాయదుర్గం తాలూకా 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. ఈ నేలకు ఆ పక్క నేలకు పక్షులు సరిహద్దు ఎరుగవు. బట్టమేక పిట్టలు బళ్ళారి జిల్లా సిరుగుప్ప ప్రాంతంలో ఈ మధ్య దాకా కొద్దిగా మిగిలి ఉన్నాయి. కర్నూలు సీమలో వాటికోసం 1988లో రోళ్లపాడు అభయారణ్యం ఏర్పరచినా అక్కడ అవి కనిపించడమే గగనమైంది. దేశం మొత్తం మీద అడవిలో మిగిలినవి నూటయాభైకి అటూ ఇటూ. ఒకప్పుడు దక్కను బీళ్లలో మందలుగా తిరిగిన పిట్ట గతి ఇది.

లెక్కకు వసంతకాలమే తగిన అదను. శివరాత్రి నుండి ఉగాది దాకా చలికి వచ్చిన పక్షులు ఇంకా పూర్తిగా వెళ్లిపోవు. మధ్య ఆసియా నుండి వచ్చే గులాబీ గోరింకలు, మిడతలను ఏరి తినే పిల్లిగద్దలు తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతూ ఉంటాయి. ఊరి పిట్టలు జత కట్టి కూయడం మొదలుపెడతాయి కనుక కూతను బట్టి గుర్తించడం తేలిక. చెట్ల ఆకు రాలి ఉంటుంది. కుంటలు, వంకలు ఎండి, నీళ్లు మిగిలిన చోటికే పక్షులన్నీ చేరతాయి. చేలల్లో పనులు కూడా తక్కువ. పొద్దు పొడవక ముందే బయలుదేరి ఎండ ముదిరేలోగా ఇల్లు చేరవచ్చు.

వెళ్లడానికి చోట్లకు కొరత లేదు. కణేకల్లు చెరువు ఉంది. గుమ్మఘట్ట మండలంలో భైరవానితిప్ప జలాశయం ఉంది. హగరి వెంబడి ఇసుక దిబ్బలు, వేరుశనగ కోసిన చేలు, గొర్రెలు మేసే బీళ్లు ఉన్నాయి. రాయదుర్గం కోట ఉన్న రాతికొండ ఉంది. పసుపు గొంతు పిగిలిపిట్ట అనేది దక్షిణాది రాతికొండల్లో తప్ప లోకంలో మరెక్కడా లేదు. ఇలాంటి కొండల్లోనే దాన్ని వెతకాలి. చెరువు దగ్గర కొంగలు, బాతులు, తీతువులు, బీడులో కౌజులు, పూరేళ్లు, ఊరి నడుమ పిచ్చుకలు, గోరింకలు, ఈత చెట్లకు గిజిగాళ్ల గూళ్లు, ఇవన్నీ లెక్కలోకి రావలసినవే. కాకిని కూడా రాయాలి. అరుదైనదాన్నే రాసి మామూలుదాన్ని వదిలేస్తే, మామూలుది ఎప్పుడు అరుదైపోయిందో తెలియదు. పిచ్చుక సంగతి అలాగే అయింది.

పద్దు రాసే పద్ధతి కష్టమైనది కాదు. ఏటా అదే చోటు, అదే వారం, అదే వేళ, అంతే సేపు చూడాలి. ఎన్ని రకాలు కనిపించాయో వేరుగా, ఒక్కొక్క రకం ఎన్ని ఉన్నాయో వేరుగా రాయాలి. పుస్తకంలో పేరు తెలియకపోతే ఊళ్లో పిలిచే పేరు రాసి, రంగు, ముక్కు, కాళ్లు గుర్తు పెట్టుకోవాలి. చూడనిదాన్ని చూసినట్లు రాయకూడదు. పోయిన ఏడు ఉండి ఈ ఏడు కనిపించని పిట్ట ఎదుట సున్న వేయాలి. ఆ సున్నయే రేపు ఎక్కువ పనికి వచ్చేది. పక్కన చెరువులో నీళ్లు ఎంతమేర ఉన్నాయో, అంతకు ముందు వానలు ఎలా పడ్డాయో కూడా రాయాలి.

ఈ చివరి మాట ముఖ్యం. చెరువు నిండితే కప్పలు వేలు అన్నారు పెద్దలు. పిట్టల విషయంలో ఒక్కొక్కసారి ఇది తలకిందులవుతుంది. కరువు ఏడు చుట్టూ పది కుంటలు ఎండితే, నీళ్లున్న ఒక్క చెరువులో పక్షులు రెట్టింపు కనిపిస్తాయి. అంకె పెరిగింది కదా అని సంతోషిస్తే పొరపాటు. పక్క ఊరి పద్దు కూడా తెరిచి చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. అందుకే ఒక ఊరు రాస్తే చాలదు, ఒక ఏడు రాస్తే అసలే చాలదు.

మనుషులకే తాగడానికి నీళ్లు లేని సీమలో పిట్టల గోల ఏమిటని అడిగేవారికి సమాధానం చెప్పవలసి ఉంది. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఇంత తక్కువ వానతో బతికే సీమలో చెరువు పూడిపోయినా, బీడు చెడిపోయినా మొదట తెలిసేది పిట్టలకే. వేరుశనగలో లద్దెపురుగు పడితే పక్షులు వాలడానికి చేలో కొయ్యలు పాతమని వ్యవసాయాధికారులే చెబుతారు. వాలే పిట్టలు ఉంటేనే కదా ఆ కొయ్యలకు అర్థం! చెరువు పూడిక తీయాలని, ఆక్రమణ తొలగించాలని అర్జీ పెట్టుకునే ఊరికి, పదేళ్ల పక్షుల లెక్క చేతిలో ఉంటే అది కూడా ఒక సాక్ష్యమే. గనికో, గాలిమరకో స్థలం చూసేటప్పుడు ఇక్కడ పక్షులు ఏమీ లేవని ఎవరైనా రాస్తే, ఉన్నాయని చూపే ఆధారం ఊరి దగ్గర ఉండాలి.

పిట్టలను ఆదరించడం మన సీమకు కొత్త కాదు. 2022 దాకా మన జిల్లాలో ఉండి ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయిన చిలమత్తూరు మండలంలో వీరాపురం ఉంది. ఊరి నడుమ చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు ఏటా గూళ్లు కడతాయి. రెట్టల కంపు భరించి, పుట్టింటికి పురిటికి వచ్చిన ఆడబిడ్డల్లా ఊరివారు వాటిని చూసుకుంటారు. వాటిని సైబీరియా పక్షులని చాలామంది అంటారు. అది నిజం కాదు. అవి మన దేశపు పక్షులే, నీళ్లను బట్టి ఒక ప్రాంతం నుండి మరొక ప్రాంతానికి తిరుగుతాయి. కనుక వాటి బాగోగులు ఎక్కడో సైబీరియాలో లేవు, చుట్టుపక్కల చెరువుల్లోనే ఉన్నాయి. ప్రేమతో పాటు పద్దు కూడా ఉంటే ఇలాంటి పొరపాట్లు నిలవవు.

దీనికి డబ్బు అక్కరలేదు. ఉన్నత పాఠశాలలో సైన్సు చెప్పే పంతులు, పది మంది పిల్లలు, ఒక నోటు పుస్తకం చాలు. కూడా ఒక గొర్రెల కాపరిని, వేట మానిన పెద్దాయనను పిలుచుకోవాలి. దుర్భిణి లేకపోయినా వారి కళ్లు చాలు. గూళ్ల దగ్గరకు పోకూడదు, గుడ్లు ముట్టకూడదు, రాళ్లు విసరకూడదు. కౌజులను, పూరేళ్లను ఉచ్చులు వేసి పట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని పిల్లలకు అప్పుడే చెప్పాలి. సెల్‌ఫోన్ ఉన్నవారు ఈబర్డ్‌లో ఆ లెక్క చేర్చవచ్చు. నీటిపక్షులకు 1987 నుండి ఏటా జనవరిలో గణన జరుగుతున్నది. 2013 నుండి మన దేశంలో ఫిబ్రవరిలో నాలుగు రోజులు పెరటి పక్షుల లెక్క సాగుతున్నది. వాటికి కూడా రాయదుర్గం పేరు ఎక్కించవచ్చు. అసలు పుస్తకం మాత్రం బడి బీరువాలో ఉండాలి. పంతులు బదిలీ అయినా పుస్తకం బదిలీ కాకూడదు.

ఉగాది నాడు ఊరంతా కూర్చుని పంచాంగం వింటారు. రాబోయే ఏడు వానలు ఎన్ని పాళ్లో, పంటలు ఎన్ని పాళ్లో పంతులుగారు చదువుతారు. ఆ తరువాత ఒక పిల్లవాడు లేచి, ఈ ఏడు మన చెరువులో, బీడులో ఎన్ని రకాల పిట్టలు కనిపించాయో, నిరుటికంటే ఏవి తగ్గాయో చదివితే ఊరివారు తప్పక వింటారు. వచ్చే ఉగాదికి కనీసం పది ఊళ్లలోనైనా ఈ చదువు జరిగేలా పాఠశాలలు, గ్రామ పంచాయతీలు ఇప్పుడే పూనుకోవాలి.