కామా మింగేసిన టాక్‌బ్యాక్

మా అపార్ట్‌మెంట్ మూడో ఫ్లోర్‌లో ఇంటర్ చదివే ఓ అమ్మాయి ఉంది. పుట్టుకతోనే చూపు లేదు. తను సాధన చేస్తుంటే లిఫ్ట్ వచ్చి వెళ్లిపోయినా నాకు తెలీదు. ఓ ఆదివారం ఫోన్ పట్టుకుని వచ్చింది. "అన్నయ్యా, మ్యూజిక్ థియరీ పీడీఎఫ్‌ని టాక్‌బ్యాక్ పిచ్చిపిచ్చిగా చదువుతోంది, చూస్తావా?"

పది నిమిషాల పనే అనుకున్నా. (మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ప్రతి పనీ మొదట అంతే!)

ఆ పుస్తకం పాత డీటీపీ ఫాంట్‌లో ఉంది. మన కంటికి తెలుగే. ఫోన్‌కి మాత్రం లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మార్చా. పాఠం చక్కగా చదివింది. హమ్మయ్య అనుకునేలోపు స్వరాల పేజీ వచ్చింది.

మన స్వరలిపిలో తారస్థాయికి పైన చుక్క, మంద్రానికి కింద చుక్క. కామా ఉంటే ఒక అక్షరకాలం ఆగాలి, సెమీకోలన్ అయితే రెండు. టాక్‌బ్యాక్ చుక్కల్ని పట్టించుకోలేదు, కామాని మింగేసింది. నాకు తేడా తెలీలేదు. తను చేత్తో తాళం వేసి, "ఆదితాళం కదా, ఏడే వచ్చాయి. ఎనిమిదోది ఏదీ?" అంది.

కామా బదులు 'ఆగు' అని టైప్ చేసిచ్చా. "అది పలికేసరికి రెండు అక్షరాలు అయిపోతోంది అన్నయ్యా, ఉత్త 'ఆ' పెట్టు" అంది. తారస్థాయికి 'పై', మంద్రానికి 'కింద' అని స్వరం ముందు చేర్చాం. సరళీ స్వరాల నుంచి గీతాల దాకా మూడు వారాలు పట్టింది.

ఇంత హడావిడి ఎందుకంటే, తను కిందటేడు ప్రాక్టికల్ సునాయాసంగా పాసై థియరీలో పోయింది. స్వరపరచి రాయమన్న ప్రశ్న దగ్గర దెబ్బ పడింది. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకి కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి, ఇచ్చారు. సొంతంగా స్క్రైబ్‌ని తెచ్చుకుంటే ఒక మెట్టు తక్కువ చదివినవాళ్లై ఉండాలన్నది ఆ మార్గదర్శకాల్లోని నియమం, అలాగే తెచ్చుకుంది. ఆ పిల్లకి సంగీతం రాదు. "అక్కా, షడ్జం స్పెల్లింగ్ ఏంటి?" అని అడిగిందట. బయటికొచ్చాక చుక్కల సంగతి అడిగితే "ఏ చుక్కలు?" అంది. లెక్కల పేపర్‌కి ఆ నియమం సరిపోతుందేమో. ఇక్కడ మాత్రం చుక్క పోతే స్వరమే వేరే స్థాయికి పోతుంది. పాడి చూపిస్తానంటే "ఇది రాతపరీక్షమ్మా" అన్నారు.

సర్టిఫికెట్ లేకపోతేనేం, గొంతుంది కదా అంటారు చాలామంది. నాకు చిరాకు. మ్యూజిక్ టీచర్ పోస్టుకి గొంతు అప్‌లోడ్ చేసే ఆప్షన్ ఉండదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది, అందులో 1 శాతం చూపు లేనివాళ్లకీ తక్కువున్నవాళ్లకీ. అక్కడిదాకా వెళ్లాలన్నా చేతిలో ఆ కాగితం ఉండాలి.

బ్రిటన్‌లోని ఏబీఆర్‌ఎస్‌ఎం పరీక్షల్లో నొటేషన్ చూసి వాయించడానికి బదులు, చూపు లేనివాళ్లు విని తిరిగి వాయించే పరీక్ష ఎంచుకోవచ్చు. అంతదూరం ఎందుకు, విజయనగరం సంగీత కళాశాలనే చూడండి. ఆస్థానంలోని చాగంటి జోగారావు గారి కొడుకు గంగబాబుకి చూపు లేదు, సంగీతమంటే ప్రాణం. ఆ పిల్లాడి కోసమే విజయరామ గజపతి 1919లో దాన్ని పెట్టించారని చెబుతారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న ద్వారం వెంకటస్వామి నాయుడు గారికీ చూపు అంతంతమాత్రమే. మరి మన దగ్గరే ఇలా ఎందుకు?

స్వరలిపి ప్రశ్నకి నోటితో జవాబు చెప్పనివ్వండి, లేదా సంగీతం వచ్చిన స్క్రైబ్‌ని మీరే ఇవ్వండి అని పరీక్షల ఆఫీసుకి తనే ఉత్తరం టైప్ చేసి పంపింది. జవాబు ఇంకా రాలేదు. ఈలోగా వర్ణాలు మొదలెట్టాం. నిన్న రెండో కాలం దగ్గర నేను ఒక 'ఆ' ఎక్కువ పెట్టేశానట, రాత్రి పదకొండింటికి వాయిస్ మెసేజ్ పెట్టింది.